ఒక్క అక్షరం తప్పితే...

ఉక్కునగరంలో ఉద్యోగం చేసేవాళ్లెవరినైనా అడగండి. అసలు డ్రాయింగు ఆఫీసులోనే భద్రంగా ఉంటుంది, పనిలోకి వెళ్లేది దాని నకలేనని చెబుతారు. మన ఒంట్లోనూ అంతే! అసలు ప్రతి జన్యువు. అది కణంలోని కేంద్రకం దాటి రాదు. బయటికొచ్చే నకలే మెసెంజర్ ఆర్ఎన్ఏ. కొవిడ్ టీకాలొచ్చాక అందరి నోటా నానిన పేరే ఇది. ఆ నకలు చూసే కణం ప్రొటీన్లు తయారుచేస్తుంది.

అయితే నకలు తీయగానే పనైపోదు. మధ్యలో ఉండే అక్కర్లేని ముక్కల్ని కత్తిరించి, మిగతావాటిని అతికించాలి. తప్పుగా అతికిన నకళ్లను కణం చాలావరకు పసిగట్టి నాశనం చేసేస్తుంది.

ఈ కత్తిరింపు తప్పితే వచ్చే జబ్బుల్లో తలసీమియా ఒకటి. రక్తానికి కీలకమైన హిమోగ్లోబిన్‌కు బీటా గ్లోబిన్ అనే జన్యువు కావాలి. మన దేశంలో తలసీమియాకు ఎక్కువగా కారణమయ్యే లోపంలో మారేది అందులోని ఒకే ఒక్క అక్షరం. 'జి' ఉండాల్సిన చోట 'సి' ఉంటుంది. దాంతో కత్తెర చోటు తప్పి పడుతుంది. సరైన నకళ్లు కొద్దిగానే మిగులుతాయి.

పైకి తెలియదు

ఈ జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. ఒకదాంట్లోనే లోపముంటే రెండోది పని నడిపించేస్తుంది. కాస్త రక్తం తక్కువగా ఉందంటారు, అంతే. చిక్కంతా అక్కడే! అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఆ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. దాంతో ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని తగ్గించడానికి మళ్లీ మందులు.

పాడేరు, అరకు ఏజెన్సీలో కనిపించే సికిల్‌సెల్ జబ్బుకు మూలమూ ఇదే జన్యువు. అక్కడ కత్తిరింపు సరిగానే జరుగుతుంది, సందేశంలోనే తప్పుంటుంది. కాబట్టి కణం దాన్ని పట్టుకోలేదు. దీని నివారణకు కేంద్రం 2023 జులైలో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. తల్లిదండ్రుల్లో ఒకరిది సికిల్‌సెల్ లోపం, మరొకరిది తలసీమియా లోపమైనా బిడ్డకు ముప్పే.

మేనరికాల్లో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఐరన్ మాత్రలు వాడినా రక్తం పెరగకపోతే డాక్టరుని అడిగి హిమోగ్లోబిన్ రకాలను తేల్చే రక్తపరీక్ష చేయించుకోండి. పెళ్లికి ముందైతే మరీ మంచిది. అప్పుడు వీలుకాకపోతే, గర్భం వచ్చిన తొలి వారాల్లోనైనా భార్యాభర్తలు ఆ పరీక్ష మరిచిపోకూడదు.