భయపడాలంటే ఏం చదవాలన్నా?



ఆదివారం పొద్దున ఒక తమ్ముడు ప్రగతి నగర్‌లోని నా గదికొచ్చాడు. జేఎన్‌టీయూలో చదువు, హైటెక్ సిటీలో ఇంటర్న్‌షిప్. ఆఫీసులో హాలోవీన్ అని అద్దాల నిండా ప్లాస్టిక్ గబ్బిలాలు అతికించారట. అక్టోబరులో చదివే దయ్యాల పుస్తకాలంటూ టీమ్‌లో ఒక్కొక్కరు ఒక్కో లిస్టు పెడుతున్నారట. అన్నీ ఇంగ్లీషువే. "గది నిండ పుస్తకాలే ఉన్నయ్ గదన్నా, తెలుగుల నాలుగు చెప్పు. చదివితే రాత్రి నిద్ర పట్టొద్దు" అన్నాడు. నోటికొచ్చిన నాలుగు పేర్లు చెప్పి పంపించాను. ఆ రాత్రి నాకే నిద్ర పట్టలేదు. అందుకే ఈ వారం అనుకున్న విషయం పక్కనపెట్టి ఇది రాస్తున్నా.

ముందే చెప్తున్నా, దయ్యాల కథలకు నేను వ్యతిరేకిని కాను. పెత్రమాస నుంచి దీపావళి దాకా నేను చదివేవి ఎక్కువగా అవే. సాంఘిక సంక్షేమ హాస్టల్లో పడ్డ అలవాటు ఇది. దసరా సెలవులకు ఇంటికి పోయేటప్పుడు ట్రంకుపెట్టెలో బట్టలకన్నా ఎక్కువగా నవలలుండేవి. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసుకున్నవి. ఒక్కోదాంట్లో మధ్యలో రెండు వారాలు ఉండేవి కావు. ఆ రెండు వారాల కథ మనమే ఊహించుకోవాలి. ఇప్పటికీ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అలా కుట్టిన పుస్తకం కనబడితే బేరమాడకుండా కొంటాను.

ఆ నవలల్లో శ్మశానం రాగానే గుడ్లగూబ అరుస్తుంది, హీరోకు చెమటలు పడతాయి. నాకు మాత్రం అక్కడ భయం పుట్టేది కాదు. మా తాత బొందలు తవ్వేవాడు. ఊళ్లో ఎవరు పోయినా మొదటి కబురు మా ఇంటికే, అర్ధరాత్రయినా సరే. వెట్టి పని. మాకు బొందలగడ్డ అంటే గడ్డపార, పార, తాత కాళ్లకంటిన ఎర్రమన్ను. శవం మీద చల్లిన చిల్లర పైసలతో నేను బలపాలు కొనుక్కున్నాను.

నేను భయపడింది వేరే చోట. ఎనిమిదో తరగతి దసరా సెలవుల్లో 'తులసిదళం' చదివాను. యండమూరి వీరేంద్రనాథ్ నవల, ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి తెలుగు దేశాన్ని ఊపేసింది. పాఠకుణ్ని పట్టి కూర్చోబెట్టడం ఆయనకు తెలిసినట్టు చాలామందికి తెలీదు, ఒప్పుకోవాలి. అందులో డాక్టర్లున్నారు, హిప్నాటిజం ఉంది. కానీ పదమూడేళ్ల పిల్లవాడికి గుర్తుండేది డాక్టర్ కాదు, చేతబడి. ఆ నవల, దాని వెనక వచ్చిన పదుల నవలలు, సినిమాలు అన్నీ కలిసి మంత్రగత్తె అంటే ఎలా ఉంటుందో నా కళ్లకు ఒక బొమ్మ గీసి పెట్టాయి. ముసలిది. నల్లనిది. ఊరి చివర ఉంటుంది. తనలో తాను గొణుక్కుంటుంది.

మా నాయినమ్మ అచ్చం అలాగే ఉండేది. పైగా ముందు పళ్లు లేవు. ఆ సెలవుల్లో ఆమె పక్కన పడుకోనని ఏడ్చాను. ఆమె కలిపిచ్చిన బువ్వ తినలేదు.

రెండు రోజులు చూసి అమ్మ నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయి చెప్పింది. నేను పుట్టకముందు సంగతి. పెద్దింట్లో పసివాడు జ్వరంతో పోయాడు. అంతకు రెండు రోజుల ముందు నాయినమ్మ వాళ్ల వాకిట్లో చాటలు అమ్మిందట. బాణామతి చేసిందన్నారు. చింతచెట్టు కింద కూర్చోబెట్టి రాయితో పళ్లు రాలగొట్టారు. పళ్లు లేకపోతే మంత్రం పలకదని వాళ్ల నమ్మకం. ఆ పసివాడికి బొంద తవ్వింది మా తాతే. కేసు లేదు, పంచాయితీ లేదు. వారం తర్వాత మళ్లీ అదే వాకిలి ఊడవడానికి పోయింది.

నేను చదివిన నవలలు బాణామతి చేసేవాళ్ల గురించి రాశాయి. చేశారన్న అనుమానంతో ఎవరి పళ్లు రాలాయో ఒక్కటీ రాయలేదు. రంగనాయకమ్మ 'తులసిదళం కాదు - గంజాయి దమ్ము' అని పుస్తకమే రాశారు. మూఢనమ్మకాల మీద ఆ పోట్లాట అవసరమే. నాది దాని పక్కన ఇంకో పోట్లాట. ఆ కథలు మన వాడను, మన ముసలవ్వను, మన తండాను భయపడాల్సినవిగా చూపించాయి. భయం అమ్ముకున్నది వాళ్లు, దెబ్బలు తిన్నది మనం. జాతీయ నేర గణాంకాల్లో హత్యల కారణాల కింద మంత్రతంత్రాలకు ఈనాటికీ ఒక గడి ఉంది. నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టులో పుణెలో కాల్చి చంపాక మహారాష్ట్ర చట్టం తెచ్చింది. 2017లో కర్ణాటక తెచ్చింది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో సెక్షన్ 3(1)(జెడ్‌బి) ఉంది. మంత్రగత్తె అని నిందవేసి మనవాళ్లను కొట్టినా, మానసికంగా వేధించినా నేరమే. ఫీల్డులో తిరిగే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ నంబరు రాసిపెట్టుకోండి. స్టేషన్‌లో ఎవరూ తమంతట తాము చెప్పరు.

సరే, లిస్టు. తమ్ముడూ, మొన్న చెప్పినవి చదువు, వద్దనను. వాటి ముందు ఇది పెట్టు. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. చిన్న పుస్తకం, ఒక్క సాయంత్రం చాలు. అందులో బరోడా భాగం రాత్రిపూట ఒంటరిగా చదువు. 1917. అమెరికా, లండన్ చదువులు చదివొచ్చిన మనిషికి ఊళ్లో గది దొరకదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగుతాడు. మేడ మీద పెద్ద హాలు, ఆయనొక్కడే. చిన్న లాంతరు, చుట్టూ చీకటి, పైన గబ్బిలాల రెక్కల చప్పుడు. దయ్యాల కథకు కావాల్సినవన్నీ ఉన్నాయి. కానీ దయ్యం రాదు. పదకొండో రోజు పొద్దున్నే మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడుతుంది. వచ్చినవాళ్లు మనుషులే, చేతుల్లో కర్రలున్నాయి. ఇరవై ఏళ్లుగా చదువుతున్నా, ఆ మెట్ల దగ్గరికి రాగానే నా చెయ్యి పేజీ మీద ఆగిపోతుంది.

అది మూసి జాషువా 'గబ్బిలం' తియ్యి. 1941 నాటిది. మీ ఆఫీసు అద్దాల మీద భయపెట్టడానికి అతికించిన ఆ ప్రాణినే జాషువా ఇంటికి పిలిచి కూర్చోబెట్టాడు. గుడిలోకి మనం పోలేం, అది పోతుంది. అందుకని శివుడి దగ్గరికి దానితో కబురు పంపాడు. అందరూ అపశకునం అని తరిమే ప్రాణి, అందరూ మైల అని తరిమే మనిషి, రాత్రిపూట ఇద్దరూ మాట్లాడుకుంటారు.

ఆ తర్వాత ఓపికుంటే కల్యాణరావు 'అంటరాని వసంతం'. అక్కడ చచ్చిపోయినవాళ్లంతా రూతు జ్ఞాపకంలో తిరుగుతుంటారు. ఎవరూ భయపెట్టరు.

పెత్రమాస నాడు ఊళ్లో పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు. మా ఇంట్లో ఇవ్వం. 1956 అక్టోబర్ 14న, ఆ ఏడు దసరా నాడే, నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం పెట్టనన్నది ఒకటి. నేను ఆ రోజు నాయినమ్మ పేరు మీద ఒక పుస్తకం కొని ఎవరికైనా ఇస్తాను. ఆమెకు చదువు రాదు. నేను బువ్వ తినని ఆ రెండు రోజుల గురించి ఆమెను క్షమాపణ అడగలేదు. అడిగే వయసొచ్చేసరికి ఆమె లేదు.

'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' నా దగ్గర రెండు కాపీలున్నాయి. ప్రగతి నగర్, నిజాంపేట, బాచుపల్లి హాస్టళ్లలో ఉన్నవాళ్లు వచ్చి తీసుకోండి. దీపావళిలోపు తెచ్చియ్యాలి. పోయినేడు తీసుకుపోయిన కాపీ ఇంకా రాలేదు, ఆ చెల్లె ఇది చదువుతుంటుందని నాకు తెలుసు.