గోడలకు రంగులు సరే, తీగల సంగతేమిటి?

మన తెలుగు బడుల్లో చాలావాటికి పెద్దలిచ్చిన స్థలాలు, చందాలతో కట్టిన గదులే ఆధారం. వార్షికోత్సవం వస్తోందంటే గోడలకు రంగులు వేయిస్తాం, దాతల పేర్లు కొత్తగా రాయిస్తాం. ఆ గోడల మీద చెక్క పట్టీల వెంట సాగే కరెంటు తీగల వైపు మాత్రం తలెత్తి చూడం. గదికి రెండు దీపాలు, ఒక ఫ్యాను కోసం ఏనాడో వేసిన వైరింగు మీదనే నేడు కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు నడిపిస్తున్నాం.

2025 జూలైలో కేరళలోని కొల్లం జిల్లాలో ఎనిమిదో తరగతి బాలుడొకడు సైకిల్ షెడ్డు మీద పడిన చెప్పు కోసం పైకెక్కి, అక్కడ కిందుగా వెళ్తున్న కరెంటు తీగ తగిలి ప్రాణం కోల్పోయాడు. బడి ఆవరణలో రోజూ అందరి కళ్ల ముందూ ఉన్న తీగ అది. అలాంటిది మన బడిలో ఏదైనా ఉందా అని వెతకడానికి ఇంకో ప్రమాదం జరగనక్కరలేదు.

పాత వైరింగులో తీగలకు రబ్బరు తొడుగు ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండి, పెళుసై, పొడిగా రాలిపోతుంది. వానకు గోడ చెమ్మగిల్లితే అక్కడి నుంచి కరెంటు గోడకూ, ఇనుప కిటికీకీ పాకుతుంది. ఎర్తింగు సరిగా ఉంటే ఆ కరెంటు నేలలోకి పోతుంది. ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్తు గుంటలో నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో మన బడుల్లో ఎందరు చెప్పగలరు? మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావుపాటి పిన్ను ఎర్తుదే. సాకెట్లో పట్టడం లేదని దాన్ని విరిచేస్తే ఆ రక్షణ కాస్తా పోయినట్టే.

"ఫ్యూజు ఉందిగా" అని ధీమా పడేవారున్నారు. ఫ్యూజు తీగ కాలిపోకుండా చూస్తుంది, మనిషిని కాపాడదు. 5 ఆంపియర్ల ఫ్యూజు పోవాలంటే అంతకు మించిన కరెంటు పారాలి. అందులో నూరో వంతు, అంటే 50 మిల్లీ ఆంపియర్లు గుండె మీదుగా పారినా ప్రాణం పోవచ్చు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు రాగి తీగ చుట్టే అలవాటైతే ఆ కాస్త రక్షణనూ తీసేస్తుంది. పిల్లవాణ్ణి కాపాడగలిగేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. కరెంటు దారి తప్పి కారుతున్నట్టు గుర్తించగానే అది సరఫరా ఆపేస్తుంది. అధిక లోడుకు పక్కన ఎంసీబీ కూడా ఉండాలి. ఆర్‌సీసీబీ పదే పదే పడిపోతుంటే తీసేయమనకండి. ఎక్కడో కరెంటు కారుతోందని చెబుతున్నది అదే.

దీపాలు, ఫ్యాన్లు ఉన్న ఒక్కో సర్క్యూటు మీద 10 పాయింట్లకు, 800 వాట్లకు మించి లోడు ఉండరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. 5 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల వద్ద తట్టుకునేది 1150 వాట్లే. దానికి 2000 వాట్ల కరెంటు పొయ్యి తగిలిస్తే ఏమవుతుందో లెక్కే చెబుతుంది.

ఇవన్నీ తెలిసీ మనలో చాలామంది నోరు విప్పకపోవడానికి ఒక భయం ఉంది. పిల్లల సంఖ్య తగ్గుతున్న రోజుల్లో భవనం బాగాలేదని మనమే అంటే అధికారులు బడినే మూసేస్తారేమోనన్నది ఆ భయం. దాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే ఒక్క ప్రమాదం జరిగితే ఆ బడిలో తెలుగు తరగతి మిగలదు. రాజ్యాంగం 30వ అధికరణం మన సంస్థలను మనమే నడుపుకునే హక్కు ఇచ్చింది. విద్యుత్ నిబంధనల నుంచి మినహాయింపు మాత్రం ఇవ్వలేదు. నడుపుకునే హక్కు మనదైనప్పుడు తీగలు మార్చే బాధ్యత కూడా మనదే.

అన్నీ ఒకేసారి మార్చే స్తోమత ప్రతి యాజమాన్యానికీ ఉండదు. అందుకే ముందు లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేత ఎర్తింగు, తీగల ఇన్సులేషన్ కొలిపించి నివేదిక రాయించుకోవాలి. అది కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. తల్లిదండ్రుల సమావేశంలో తెలుగులో చదివి వినిపించాలి. ముందుగా ఆర్‌సీసీబీ, ఎర్తింగు. సెలవుల్లో గదికొకటి చొప్పున వైరింగు. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూసే పని ఒక ఉపాధ్యాయుడికి అప్పగించాలి. స్విచ్చు బోర్డు వేడెక్కినా, ట్యాపు ముడితే జిల్లుమన్నా వెంటనే వచ్చి చెప్పమని పిల్లలకు నేర్పాలి.

కంప్యూటర్లు ఇస్తామని వచ్చే పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే: ముందు వాటిని మోయగల వైరింగు వేయించండి. దాని మీద మీ పేరు రాసుకునే చోటుండదు. అయినా ఆ బడికి మీరిచ్చే పెద్ద కానుక అదే.