‘దమ్ము లేదు’ అనే ముందు ఒక్క నిమిషం

మన టీమ్ గెలిస్తే ఆనందం. కానీ మనకు పడనోడి టీమ్ ఓడితే వచ్చే ఆనందం ఉంది చూశారూ, దాని లెవెలే వేరు! హీరోల ఫ్యాన్స్‌ని అడగండి, చెప్తారు. మన సినిమా హిట్టయిన రోజు కంటే అవతలి హీరో సినిమాకి మార్నింగ్ షోకే టాక్ పోయిన రోజు ఫోన్లు ఎక్కువ మోగుతాయి.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఈ ఆనందానికి ఒక తేదీ కూడా ఉంది. ఏటా నవంబర్ ఆఖరి శనివారం, ఒహాయో స్టేట్‌కీ మిషిగన్‌కీ మ్యాచ్. 1897లో మొదలైన పగ ఇది. ఆ వారం కొలంబస్ క్యాంపస్‌లో బోర్డుల మీద ‘ఎం’ అక్షరం ఎక్కడ కనిపించినా ఎర్ర టేపుతో కొట్టేస్తారు. మిషిగన్ పేరు పలకరు, ‘పైనున్న ఆ టీమ్’ అంటారు. మొన్నటిదాకా పలకరించుకున్న వియ్యంకుళ్లు పొలం గట్టు దగ్గర తగాదా పడ్డట్టు ఉంటుంది వ్యవహారం.

మనకేం సంబంధం అంటారా? ఆ రెండు యూనివర్సిటీల్లోనూ మన పిల్లలు చదువుతున్నారు. మా బాబాయి కొడుకు కొలంబస్‌లో ఉన్నాడు, నా ఇంజినీరింగ్ ఫ్రెండ్ ఒకడు మిషిగన్‌లో సెటిలయ్యాడు. వాళ్లిద్దరి మధ్య ఇరుక్కున్నవాడిని నేను. అక్కడ మధ్యాహ్నం పన్నెండుకి మ్యాచ్ మొదలైతే హైదరాబాద్‌లో రాత్రి పదిన్నర. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆవిడ అంటుంది గానీ, కొన్నేళ్లుగా ఆ శనివారం నాకు నిద్ర లేదు.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని ఆడేది. ఒక్కో వైపు 11 మంది. బంతి ఉన్న టీమ్‌కి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్లాలి. గాల్లో విసిరి వెళ్లొచ్చు, లేదా బంతి పట్టుకుని జనం మధ్యలోంచి దూసుకెళ్లొచ్చు. బంతి ఉన్నవాడికి ముందు అయిదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు. దాన్నే లైన్ అంటారు. ఎదుటివైపు కూడా అలాంటి పహిల్వాన్లే. ఆ రెండు గోడల్లో ఏది వెనక్కి జరిగితే ఆ టీమ్‌కి ‘సాఫ్ట్’ అని ముద్ర పడుతుంది. మన భాషలో దమ్ము లేనోళ్లు.

నా గొడవంతా ఈ ముద్ర గురించే.

2020 సంగతి చూడండి. కోవిడ్ ఏడాది. మిషిగన్ ఆడింది ఆరు మ్యాచ్‌లు, గెలిచింది రెండు. ఒహాయో స్టేట్‌తో ఆడాల్సిన మ్యాచ్ వైరస్ వల్ల రద్దయింది. అప్పటికే కోచ్ జిమ్ హార్బా ఒహాయో స్టేట్ చేతిలో అయిదుకి అయిదూ ఓడిపోయి ఉన్నాడు. 2018లో 62-39, 2019లో 56-27. ఇక కొలంబస్‌లో సంబరం చూడాలి! మా తమ్ముడు ఫోన్ చేసి, “అన్నా, వాళ్లకి ఆట రాక కాదు, వాళ్ల ఒంట్లో దమ్ము లేదు. ఆ కోచ్‌ని మాత్రం తీసెయ్యొద్దని దేవుడికి మొక్కుకుంటున్నాం, ఆయనుంటే మాకు ఏటా పండగే” అన్నాడు.

నిజంగానే తీసెయ్యలేదు. జీతం దాదాపు సగానికి కోసి, కొత్త కాంట్రాక్ట్ ఇచ్చి ఉంచారు. ఆయనేం చేశాడంటే, సహాయ కోచ్‌లను మార్చాడు. డిఫెన్స్ చూసుకోవడానికి బాల్టిమోర్ ప్రొఫెషనల్ టీమ్ నుంచి మైక్ మెక్‌డోనల్డ్‌ని తెచ్చాడు. లైన్ బాధ్యత షెరోన్ మూర్‌కి అప్పగించాడు. ప్రాక్టీస్‌లో ఒక డ్రిల్‌కి ఏకంగా ‘బీట్ ఒహాయో’ అనే పేరు పెట్టుకున్నారు.

2021 నవంబర్‌లో ఏం జరిగింది? మిషిగన్ 42, ఒహాయో స్టేట్ 27. బంతి పట్టుకుని పరిగెత్తే మిషిగన్ 297 గజాలు తీసింది. హసన్ హాస్కిన్స్ ఒక్కడే అయిదు టచ్‌డౌన్లు చేశాడు. ఆ ఏడాదీ, ఆ తర్వాతి ఏడాదీ దేశంలోకెల్లా బెస్ట్ లైన్‌కి ఇచ్చే జో మూర్ అవార్డు వాళ్లకే వచ్చింది. కోచ్ మారలేదు. ఆటగాళ్లలోనూ చాలామంది పాతవాళ్లే. మరి పన్నెండు నెలల్లో దమ్ము ఎక్కణ్నుంచి ఊడిపడింది?

ఊడిపడలేదు. కట్టారు. పద్ధతి మార్చారు, మనుషుల్ని సరైన చోట పెట్టారు, ఒకే పని వెయ్యిసార్లు చేయించారు. దమ్ము అనేది పుట్టుకతో వచ్చే గుణం కాదు, ఇటుకా ఇటుకా పేర్చే గోడ. ఇది మన ఊళ్లో తాపీమేస్త్రీకి తెలుసు. ఫ్యాన్స్‌కే తెలియదు.

ముద్ర అక్కడితో పోయిందా? లేదు, ఇల్లు మారింది. ‘సాఫ్ట్’ అనే మాట సామాన్లు సర్దుకుని మిషిగన్ నుంచి కొలంబస్‌కి వచ్చి కూర్చుంది. మ్యాచ్ అయ్యాక మిషిగన్ సహాయ కోచ్ జాష్ గ్యాటిస్ అయితే ఒహాయో స్టేట్ సొగసు చూపించే టీమే తప్ప గట్టి టీమ్ కాదని బహిరంగంగానే అనేశాడు. 2022లో మళ్లీ మిషిగనే, 45-23. 2023లో మళ్లీ, 30-24. మధ్యలో మిషిగన్ మనుషులు ఎదుటి టీమ్‌ల సైగల్ని దొంగచాటుగా రికార్డు చేశారన్న కేసు బయటపడింది. “అదిగో, అందుకే గెలిచారు!” అని మా తమ్ముడి వాదన. కేసు నిజమే, శిక్షలూ పడ్డాయి. కానీ ఎదుటివాడు ఏం ఆడబోతున్నాడో తెలిసినా, గోడని వెనక్కి తోయాల్సింది మన భుజాలతోనే కదా.

ఒహాయో స్టేట్ కోచ్ రయాన్ డేకి ఈ మాట ఎంత గుచ్చుకుందో 2023 సెప్టెంబర్‌లో లోకమంతా చూసింది. నోటర్ డేమ్ మాజీ కోచ్ లూ హోల్ట్జ్, ఒహాయో స్టేట్ శారీరకంగా బలమైన టీమ్‌ల చేతుల్లో ఓడిపోతుందన్నాడు. సరిగ్గా నోటర్ డేమ్ మీదే, మ్యాచ్ ఇక ఒక్క సెకనులో ముగుస్తుందనగా టచ్‌డౌన్ చేసి 17-14తో గెలిచారు. గెలిచిన ఆనందంలో ఉండాల్సిన డే, టీవీ మైకు ముందు హోల్ట్జ్ మీద అరిచేశాడు. తమాషా ఏంటంటే, ఆ ఆఖరి రెండు ఆటల్లోనూ నోటర్ డేమ్ 11 మందికి బదులు పదిమందినే మైదానంలో ఉంచింది. అటు దమ్ము గురించి అరుపులు, ఇటు అసలు మ్యాచ్‌ని తేల్చినవాటిలో ఒకటి మనుషుల్ని లెక్కపెట్టుకోకపోవడం!

ఇప్పుడు అసలు కథ, 2024.

మిషిగన్ ఆ ఏడాది జనవరిలోనే జాతీయ ఛాంపియన్ అయింది. ఆ తర్వాత హార్బా ప్రొఫెషనల్ టీమ్‌కి వెళ్లిపోయాడు. డిఫెన్స్ కోచ్‌నీ, కండలు పెంచే స్ట్రెంత్ కోచ్‌నీ వెంట తీసుకెళ్లాడు. 13 మంది ఆటగాళ్లు డ్రాఫ్ట్‌లో ఎంపికై వెళ్లిపోయారు. పెళ్లివారంతా వెళ్లిపోయిన పందిరిలా మిగిలింది టీమ్. కొత్త కోచ్ షెరోన్ మూర్ ఒకే సీజన్‌లో ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లను మార్చి చూశాడు. నవంబర్ ఆఖరికి ఆరు గెలుపులు, అయిదు ఓటములు.

కొలంబస్‌లో మళ్లీ పాత పాటే. కోచ్‌కి సీన్ లేదు, కుర్రాళ్లలో దమ్ము లేదు, ఈసారి ఎంత తేడాతో కొడతామన్నదే లెక్క. నా మిషిగన్ ఫ్రెండ్ కూడా “మామా, నేను ఈసారి చూడను, అరవై పాయింట్లు వేస్తారు” అని చేతులెత్తేశాడు.

2024 నవంబర్ 30. లక్షమందికి పైగా ఉన్న కొలంబస్ స్టేడియంలో మిషిగన్ 13, ఒహాయో స్టేట్ 10.

అంకెలు చూస్తే నమ్మబుద్ధి కాదు. మిషిగన్ గాల్లో విసిరి సంపాదించింది మొత్తం 62 గజాలు. అంటే దాదాపు ఏమీ లేదు. వాళ్ల ఇద్దరు స్టార్లు, విల్ జాన్సన్, కోల్‌స్టన్ లవ్‌లాండ్ ఆ రోజు ఆడనేలేదు. కానీ కలెల్ మలింగ్స్ ఒక్కడే పరిగెత్తి 116 గజాలు తీశాడు. ఒహాయో స్టేట్ మొత్తం టీమ్ పరిగెత్తింది 77 గజాలు.

ఎందుకు? మిషిగన్ గోడ మధ్యలో మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ అనే ఇద్దరు ఉన్నారు. తర్వాతి ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో ఇద్దరూ మొదటి రౌండ్‌లోనే ఎంపికయ్యారు. టీమ్ మొత్తం డీలా పడినా, ఆ ఒక్క చోట ఉక్కులా ఉంది. మరి ఒహాయో స్టేట్ గోడలో? సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్, లెఫ్ట్ ట్యాకిల్ జాష్ సిమన్స్ ఇద్దరూ గాయాలతో అప్పటికే సీజన్‌కి దూరం. బయట వైపు జెరెమియా స్మిత్, ఎమెకా ఎగ్బుకా లాంటి క్యాచ్ పట్టే మొనగాళ్లు ఖాళీగా నిలబడి ఉంటే, ఒహాయో స్టేట్ మళ్లీ మళ్లీ ఆ ఇద్దరు పహిల్వాన్ల మధ్యలోకే బంతి తీసుకెళ్లింది.

నాకు అర్థమైంది ఇదీ: ‘సాఫ్ట్’ అన్న మాట మూడేళ్లుగా చెవిలో మోగుతుంటే, మేం గట్టివాళ్లమని అదే చోట, అదే పద్ధతిలో నిరూపించాలనిపిస్తుంది. బలం ఎక్కడుందో అక్కడ ఆడకుండా, పరువు ఎక్కడ పోయిందో అక్కడ ఆడతాం. పరీక్షలో వచ్చిన ప్రశ్నలు వదిలేసి, పోయినసారి తప్పిన ప్రశ్న దగ్గరే గంటసేపు కూర్చునే కుర్రాడిలా.

ఆ రోజు సాయంత్రం జరిగింది మాత్రం ఆట కాదు. మిషిగన్ జెండా మైదానం మధ్యలో పాతబోయారని కొట్లాట, పోలీసుల పెప్పర్ స్ప్రే. ఆ తర్వాత డే కుటుంబానికి బెదిరింపులు వచ్చాయన్న సంగతి బయటికొచ్చింది. స్కూలుకెళ్లే పిల్లలున్న ఇల్లది. దమ్ము గురించి ఇన్ని మాటలు మాట్లాడిన జనంలోంచే, ఓటమిని తట్టుకునే దమ్ము లేనివాళ్లు బయటపడ్డారు.

ఆ డేనే తీసెయ్యాలని ఊరంతా అరిచింది. తీసెయ్యలేదు. మూడు వారాల తర్వాత మొదలైన 12 టీమ్‌ల ప్లేఆఫ్‌లో అదే కోచ్, అదే కుర్రాళ్లు, అదే గాయాల లైన్. కానీ ప్లాన్ మారింది. మొదటి నుంచే బంతి గాల్లోకి, స్మిత్ చేతుల్లోకి. టెనెసీ మీద 42-17. ఒరెగాన్ మీద ఒక దశలో 34-0, చివరికి 41-21. టెక్సస్ మీద 28-14. 2025 జనవరి 20న నోటర్ డేమ్‌ని 34-23తో ఓడించి ఛాంపియన్లయ్యారు. టెక్సస్ మ్యాచ్‌లో జాక్ సాయర్ ఎదుటి క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి ఊడగొట్టి 83 గజాలు పరిగెత్తాడే, అతన్నీ ఏడు వారాల ముందు దమ్ము లేనివాళ్ల లిస్టులో వేసినవాళ్లే ఈసారి భుజాల మీద ఎక్కించుకున్నారు.

2025 నవంబర్‌లో మంచు కురుస్తుండగా మిషిగన్ గడ్డ మీదే ఒహాయో స్టేట్ 27-9తో గెలిచింది. ఇప్పుడు ముద్ర మళ్లీ ఉత్తరానికి బయల్దేరింది. మా ఫ్రెండ్ “మావాళ్లలో పస లేదు మామా” అంటున్నాడు. మా తమ్ముడు “అన్నా, నేను ఎప్పట్నుంచో చెప్తూనే ఉన్నాగా” అంటున్నాడు. ఎప్పట్నుంచి రా? 2020లో అన్నావు, తర్వాత నాలుగేళ్లు నోరెత్తలేదు!

అందుకే వాళ్లిద్దరికీ చెప్పిందే మీకూ చెప్తున్నా. అది మిషిగన్ అయినా, మన హైదరాబాద్ ఐపీఎల్ టీమ్ అయినా, ఓడిపోతున్న టీమ్‌ని చూసి ‘దమ్ము లేదు, కోచ్ వేస్ట్’ అనే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ టీమ్ నుంచి ఎవరెవరు వెళ్లిపోయారు? ఇంకా గట్టిగా ఉన్న చోటు ఏది? ప్లాన్ పనిచేయనప్పుడు కోచ్ మార్చాడా, లేక మొండికేశాడా? మొదటి రెండూ అడిగి ఉంటే 2024లో కొలంబస్ వాళ్లు ముందే జాగ్రత్త పడేవాళ్లు. మూడోది అడిగి ఉంటే, కోచ్‌ని తిట్టాల్సింది ఏ విషయంలోనో, వదిలేయాల్సింది ఏ విషయంలోనో తేలిపోయేది.

కోచ్‌ని విమర్శించొద్దని నేననను. కోట్లలో జీతం తీసుకునేవాడు జవాబు చెప్పాల్సిందే. కానీ హెల్మెట్ లోపల ఉన్నది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాడు. మన క్లాసులో పక్క బెంచీలో కూర్చునే వయసు. విరిగిన గోడ వెనక నిలబడి ఆడుతున్నవాణ్ని పిరికివాడంటే, గోడ ఎందుకు విరిగిందో ఎవరూ చూడరు. ఆ చూడకపోవడం వల్ల నష్టపోయేది కూడా, ఈ రెండు ఊళ్ల అనుభవం చెప్పేదేంటంటే, ఎక్కువసార్లు నవ్వినవాళ్లే.