స్టెప్నీ ఎక్కడుందో రివ్యూల్లో ఎందుకు చెప్పరు?

కారు రివ్యూ ఏది తీసుకున్నా ఒకటే వరస. స్క్రీన్ ఎన్ని అంగుళాలు, వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో ఉందా, సన్‌రూఫ్ వస్తుందా, డిక్కీ ఎన్ని లీటర్లు. స్టెప్నీ ఎక్కడుంది, దాన్ని బయటికి తీయాలంటే ఏం చేయాలి అన్నది మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఫోన్ రివ్యూలో సిమ్ ట్రే లాగి మరీ చూపిస్తాం కదా, పది లక్షల కారుకి ఆ మాత్రం చేయలేమా?

మా కోనసీమలో ఇది చిన్న విషయం కాదు. 216 నంబర్ హైవే దిగితే అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల చాలా రోడ్లు కాలువ గట్ల మీదే. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క చేనో కొబ్బరితోటో. పక్కకి తీసి ఆపుకునే చోటే తక్కువ. ఉన్న కాస్త మార్జినూ మెత్తటి మట్టి. వానాకాలంలో అక్కడ జాకీ వేస్తే కారు లేవదు, జాకీయే భూమిలోకి దిగుతుంది. కింద చెక్క పెట్టాల్సిందే. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తుంటే ఆ రోడ్డు మీద మీరు ఎన్ని నిమిషాలు వంగి ఉంటారన్నదే అసలు లెక్క. ఆ నిమిషాలు చాలావరకు స్టెప్నీ ఉన్న చోటును బట్టే ఉంటాయి.

మామూలు హ్యాచ్‌బ్యాక్‌లు, సెడాన్‌లలో అది డిక్కీ ఫ్లోర్ కింద ఉంటుంది. పొడిగా, భద్రంగా ఉంటుంది, దొంగల భయం లేదు. చిక్కల్లా సామానుతోనే. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని హైదరాబాద్ తిరిగెళ్లే కార్ల డిక్కీలు ఎప్పుడైనా చూశారా? ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు, కొబ్బరికాయల బస్తా, బియ్యం మూట, పచ్చడి సీసాలు, వాటి మీద పిల్లల బ్యాగులు. స్టెప్నీ వీటన్నిటి అడుగున. రాత్రి పదింటికి టైరు పోయిందంటే ముందు సంక్రాంతి మొత్తం రోడ్డు మీద పరచాలి, ఆ తర్వాతే పానా పట్టుకోవడం.

ఇన్నోవా క్రిస్టా, ఎర్టిగా లాంటి మూడు వరసల బండ్లలో స్టెప్నీ కారు కింద వేలాడుతుంది. సామాను దించక్కర్లేదు, బాగానే ఉంది. కానీ దాన్ని కిందికి దించి, బురదలో మోకాళ్ల మీద కూర్చుని, కారు కింద నుంచి లాగాలి. వెనక టైరే పోయిందనుకోండి, బండి ఆ వైపు వంగి ఉంటుంది కాబట్టి లాగే సందు ఇంకా తగ్గుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఎక్కువ తిరిగే బండైతే ఉప్పు గాలి కూడా తోడు. ఏడాదికోసారైనా దించి చూడకపోతే అవసరానికి బోల్ట్ తిరగదు. పైగా కంటికి కనపడదు కాబట్టి దానికి గాలి కొట్టించాలని కూడా ఎవరికీ గుర్తుండదు.

సీఎన్‌జీ కార్లలో ఇంకో ట్విస్ట్. 2023లో టాటా ఆల్ట్రోజ్‌లో ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి డిక్కీ ఫ్లోర్ కింద సర్దారు. 210 లీటర్ల చోటు మిగిలింది. మంచి ఇంజినీరింగ్, కాదనను. అయితే అక్కడుండాల్సిన స్టెప్నీ కారు కిందికి పోయింది. డిక్కీ మిగిలిందని అందరం చప్పట్లు కొట్టాం, చక్రం ఎటు పోయిందో అడిగినవాళ్లు తక్కువ.

థార్, జిమ్నీలకి వెనక తలుపు మీదే ఉంటుంది. నాకైతే కాలువ గట్టుకి ఇదే బెస్ట్. కాస్త బరువు మోయాలి, అద్దంలో వెనక సగం కనపడదు, అయినా బట్టలు నాశనం కావు.

అసలు స్టెప్నీయే లేకపోతే? 2020 అక్టోబర్ 1 నుంచి మన దేశంలో అది కూడా చెల్లుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లు, టైర్ ప్రెషర్ సెన్సర్లు, పంక్చర్ కిట్ ఇస్తే చాలు, మామూలు కార్లకి స్పేర్ టైరు తప్పనిసరి కాదని కేంద్రం రూల్ మార్చింది. బ్యాటరీకి చోటు, తగ్గే బరువు, కంపెనీల వాదన నాకూ అర్థమవుతుంది. ట్రెడ్‌లో మేకు దిగితే ఆ కిట్‌లోని సీలెంట్ పనిచేస్తుంది కూడా. కానీ తెగిపోయిన రోడ్డు అంచు టైరు పక్కభాగాన్ని చీల్చిందంటే సీలెంట్ వల్ల ఏమీ కాదు. గచ్చిబౌలిలో అయితే ఫోన్ చేసి కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. రాత్రి పదకొండింటికి రాజోలు, సఖినేటిపల్లి మధ్య ఎక్కడ కూర్చుంటాం?

ఇక్కడో తమాషా ఉంది. స్టెప్నీ అనే మాట వేల్స్‌లోని లనెల్లి ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్ నుంచి వచ్చింది. అప్పట్లో కార్లకి స్పేర్ చక్రం వచ్చేదే కాదు. అందుకే 1904లో అక్కడ ఇద్దరు డేవిస్‌లు విడిగా చక్రం తయారుచేసి అమ్మారు. నూట ఇరవై ఏళ్లకి మళ్లీ అక్కడికే వచ్చాం, కాకపోతే ఈసారి డబ్బాలో సీలెంట్ ఇస్తున్నారు.

కాబట్టి రివ్యూ చేసేవాళ్లకి నా డిమాండ్ ఒక్కటే. డిక్కీ నిండా సామాను పెట్టి, ఒక్క మనిషి, ఫోన్ టార్చ్ వెలుగులో చక్రం మార్చి టైమ్ చెప్పండి. అది ఫుల్ సైజా, లేక 80 కిలోమీటర్ల స్పీడ్ దాటకూడని సన్నటి స్పేరా అన్నది కూడా చెప్పండి. కొనేవాళ్లు ఈలోపు షోరూంలోనే అడగొచ్చు: డెలివరీ రోజు పూలదండకి ముందు ఒకసారి స్టెప్నీ బయటికి తీయించి చూడండి, జాకీ ఎక్కడ దాచారో కూడా.