టయాప్ మరణం - చరిత్రపై నెపం

మన అభ్యుదయవాదులలో ఒక వాదం ప్రబలివున్నది. చిన్న భాషలు పెద్ద భాషలలో లీనం కావడం చరిత్ర గమనమనీ, దానికి విచారించడం తిరోగమనమనీ ఆ వాదం. శాస్త్రీయమని చెప్పుకునే యీ వాదాన్ని ఒక్క వూరి యెదుట నిలబెట్టి పరీక్షిద్దామని నా వుద్దేశం.

ఆ వూరు పాపువా న్యూగినీలోని గాపున్. సెపిక్, రాము నదులు సముద్రంలో కలిసే చోట్లకు నడుమ, చిత్తడి అడవిలో వున్నది. అక్కడి భాష టయాప్. మరే భాషతోనూ దానికి చుట్టరికం తేలలేదు. వస్తువు సన్నగా పొడుగ్గా వున్నదా, పొట్టిగా లావుగా వున్నదా అని చూసి లింగం నిర్ణయించే వ్యాకరణం దానిది. 1980ల మధ్యలో అక్కడ పరిశోధన చేసిన మానవశాస్త్రజ్ఞుడు డాన్ కులిక్, పదేళ్ళలోపు పిల్లలెవరూ ఆ భాష మాట్లాడటం లేదని గమనించాడు. 2019 నాటికి మాట్లాడేవారు 50 మందికి లోపు.

ఎవరు నిషేధించారు? ఎవరూ నిషేధించలేదు. వలసపాలనలో ఆ వూరి మగవాళ్ళు కొబ్బరితోటలకు కూలికి పోయి, టోక్ పిసిన్ నేర్చి తిరిగివచ్చారు. తెల్లవాడి సరుకులకూ, క్రైస్తవానికీ, జ్ఞానానికీ అదే తలుపని నమ్మారు. టయాప్‌కు మిగిలినవి మొండితనం, వెనుకబాటు, ఆడవాళ్ళ తగవులు అన్న పేర్లే. తల్లిదండ్రులు బిడ్డలతో టోక్ పిసిన్‌లో మాట్లాడుతూనే, పిల్లలే మొండికెత్తి టయాప్ మానేశారని అంటారు.

నేను టోక్ పిసిన్‌ను నిందించడం లేదు. అది తోటలలో కూలీల నోట పెరిగిన భాష. 1929లో రబౌల్‌లో సుమారు 3,000 మంది సమ్మె చేసినప్పుడు, వేరువేరు భాషలవారిని ఒక్కమాట మీద నిలిపింది అదే. గాపున్‌వారు పూర్వం ఇరుగుపొరుగు భాషలు నేర్చి కూడా తమ భాషను నిలుపుకున్నవారే. కనుక రెండో భాష రావడం టయాప్‌ను చంపలేదు. రెండు భాషల నడుమ యజమాని, కూలి తారతమ్యం చొరబడటం చంపింది.

మరి తమ భాష నిచ్చి వారు కొన్నదేమిటి? మూడు దశాబ్దాల రాకపోకల తరువాత కూడా కులిక్ చూసిన గాపున్‌కు రోడ్డు లేదు, కరెంటు లేదు. వెల చెల్లిపోయింది, సరుకు చేరలేదు. దీన్ని చరిత్ర గమనమనడమంటే బేరంలో జరిగిన మోసాన్ని ప్రకృతిధర్మమనడమే.

భాషలు కలవడం అభ్యుదయమే. నాకు అభ్యంతరం లేదు. కాని జ్ఞానమంతా యజమాని నోటనే వున్నదని కూలివాడి చేత ఒప్పించడం అభ్యుదయం కాదు. ఆ ఒప్పుదలను చరిత్ర పేర సమర్థించేవారు యే పక్షాన నిలబడివున్నారో తమను తామే ప్రశ్నించుకోవాలి.