శోకానికి చప్పట్లెందుకు?

పామిడి వంతెన మీద ఆగి, ఇసుక తప్ప ఏమీ లేని పెన్నని ఫోటో తీసుకునేవాళ్ళని చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. మొన్న ఓ మిత్రుడు అక్కడే నిలబడి, "ఈ కరువే లేకుంటే విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' రాసేవాడా?" అన్నాడు. ఒక్క మాటతో మా ఊళ్ళ దప్పిని కావ్యానికి ఎరువు చేసేశాడు!

బసవరాజు అప్పారావు విషయంలోనూ ఇదే వరస. ఆయన బిడ్డల్ని పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖంతో పాటలు రాశాడు. 1933లో పోయేనాటికి నలభై కూడా నిండలేదు. మన వ్యాసాల్లో మాత్రం ఆ పసివాళ్ళ చావులు 'కవితా ప్రేరణ' అన్న పేరాలో సర్దుకుంటాయి. శోకమే ఆయన్ని కవిని చేసిందట. చెయ్యలేదండీ. పాట ఆయనకి ముందే చేతనైన పని. ఇంట్లో చావు జరిగినా కమ్మరి మళ్ళీ కొలిమి దగ్గరికే పోతాడు కదా, ఆయనా అంతే. పోయినంత మాత్రాన గుండె కుదుటపడిందనీ లేదు.

ఇంతకీ ఆ పిల్లల తల్లి రాజ్యలక్ష్మమ్మగారూ కవయిత్రే. 'సౌదామిని' పేరుతో రాశారు, 'అప్పారావుగారూ నేనూ' అన్న పుస్తకమూ రాశారు. శోకమే కవుల్ని తయారుచేసేదైతే, అదే ఇంట్లో అదే శోకం పడ్డ ఆవిడ పేరు మనలో ఎందరికి తెలుసు? మహా అయితే ఓ ఫుట్‌నోట్.

ఆ పిల్లలు బతికి, ఆ పాటలు పుట్టకుండా ఉండుంటే నాకేం లోటు లేదు. పెన్నలో నీళ్ళు పారి, 'పెన్నేటి పాట' లేకపోయినా సరే.