ఉసిరి చెట్టు కింద కులం

కార్తీకం రాగానే మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీలు లేస్తాయి. ఒక్కో కులానిది ఒక్కో ఫ్లెక్సీ. పై వరసలో శివుడు, ఆయన పక్కన ఆ కులంలో పుట్టిన మహనీయుడు, కింద ఎమ్మెల్యే, మాజీ ఎమ్మెల్యే, అట్టడుగున నల్లకళ్లద్దాల కుర్రాళ్లు. కులబాంధవులందరూ సకుటుంబ సపరివారంగా విచ్చేసి వన సమారాధనను జయప్రదం చేయాలని పిలుపు. ఏటా చూసేదే కాబట్టి కళ్లు అలవాటుపడిపోయాయి. ఈ వారం మాత్రం ఒక ఫ్లెక్సీ దగ్గర ఆగిపోయాను. రెండో వరసలో ఒక పోలీసు అధికారి ఫొటో. యూనిఫాంలో, టోపీతో సహా. కింద ‘మన ముద్దుబిడ్డ’ అని రాశారు. ఆయన స్టేషన్ పరిధిలో అన్ని కులాలవాళ్లూ బతుకుతున్నారు. ఆ కులంవాళ్ల చేతిలో దెబ్బలు తిన్నవాడు రేపు ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లాలంటే ఈ ఫ్లెక్సీ దాటుకునే వెళ్లాలి. అది చూసినప్పటినుంచి నాకు కడుపు రగిలిపోతోంది.

వనభోజనం మంచి ఆచారం. చలి మొదలయ్యే రోజుల్లో తోటకు వెళ్లి, ఉసిరి చెట్టు కింద చాపలు పరుచుకుని, ఇంటికో వంటకం తెచ్చుకుని కలిసి తినడంలో ఎంత హాయి ఉందో తిన్నవాళ్లకు తెలుసు. మా చిన్నప్పుడు బడిపిల్లల్ని మాస్టార్లు తీసుకెళ్లేవారు. ఒకరింటి నుంచి పులిహోర, ఒకరింటి నుంచి దద్దోజనం, ఇంకొకరింటి నుంచి బూరెలు. ఆ రోజుల్లో కులం లేదని నేను అనను. అలా అనేవాళ్ల జ్ఞాపకాన్ని నమ్మను కూడా. మాలపల్లె నుంచి వచ్చిన పిల్లలు బంతి చివర కూర్చునేవాళ్లు. వాళ్లు తెచ్చిన గిన్నె మూత ఎవరూ తీసేవాళ్లు కాదు. అయినా చెట్టు ఒకటే, బంతి ఒకటే. ఆ చివరి చోటును మధ్యలోకి జరపాల్సిన బాధ్యత మా తర్వాత చదువుకుని ఉద్యోగాలకెక్కిన వాళ్లందరి మీదా ఉండింది. జరపడం పోయి, బంతినే ముక్కలు చేసి ఎవరి తోట వాళ్లు చూసుకున్నారు.

ఇప్పటి తంతు ఎలా ఉంటుందో చూడండి. తోట గేటు దగ్గర బల్ల వేస్తారు. రిజిస్టర్‌లో పేరు, ఇంటిపేరు, గోత్రం, సొంతూరు, ఉద్యోగం, ఫోన్ నంబరు రాయాలి. పక్క టెంటులో వధూవరుల పరిచయ వేదిక. అక్కడ పిల్లల ఎత్తు, జీతం, వీసా వివరాలు మైకులో చదువుతారు. భోజనాలయ్యాక సభ. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు జ్ఞాపికలు ఇస్తారు. పదిహేనేళ్ల పిల్ల రాత్రింబవళ్లు కూర్చుని చదివితే, ఆ కష్టాన్ని స్టేజీ మీద కులం ఖాతాలో జమ చేస్తారు. ఆ తర్వాత ప్రసంగాలు. మన జనాభా ఎంత, మన ఎమ్మెల్యేలు ఎందరు, మనకు జరిగిన అన్యాయం ఎంత. భూములు, కాలేజీలు, ఆస్పత్రులు, కాంట్రాక్టులు చేతిలో ఉన్న కులాల వేదికల మీద కూడా అన్యాయం గురించే మాట్లాడతారు. చప్పట్లు కొట్టే పిల్లలు అది నిజమేనని నమ్మి ఇంటికొస్తారు.

మా వీధిలో ఏడో తరగతి చదివే కుర్రాడొకడు, తన పక్క బెంచీ స్నేహితుణ్ణి కూడా తీసుకెళ్దామని వాళ్లమ్మను అడిగాడు. ‘వాళ్లు మనవాళ్లు కాదు నాన్నా, వాళ్లకు వేరే ఉంటుందిలే’ అందావిడ. ఆవిడ చెడ్డమనిషి కాదు. కరోనా రోజుల్లో వీధిలో జ్వరం వచ్చిన ఇళ్లకు క్యారేజీలు పంపిన తల్లి. ఆ మాట కూడా కొడుకు తల నిమురుతూనే చెప్పింది. మన పిల్లలకు కులం ఇలాగే, గోరుముద్దలతో పాటే లోపలికి వెళ్తుంది. ఆదివారం ఆ కుర్రాడు తోటకు వెళ్లాడు. సోమవారం పక్క బెంచీవాడు ‘నిన్న ఎక్కడికెళ్లావురా’ అని అడిగితే వాడు ఏం చెప్పి ఉంటాడు?

బంతులు ముగిశాక ఎంగిలాకులు ఎత్తడానికి మున్సిపాలిటీ ట్రాక్టరు వస్తుంది. దాని వెంట వచ్చే ఆడవాళ్లు ఏ పేట నుంచి వస్తారో ఊళ్లో అందరికీ తెలుసు. బంతిలో కూర్చోవడానికి వాళ్లకు పిలుపు లేదు. ఆకులు ఎత్తేచోట మాత్రం వాళ్లు తప్ప ఇంకొకరు కనిపించరు. దీన్ని ఏ సంఘం అధ్యక్షుడైనా కాదనగలడా?

నేనీ మాట అంటే వచ్చే జవాబు నాకు తెలుసు. ‘దళితులకు సంఘాలు లేవా? బీసీలకు లేవా? మేం కలుసుకుంటేనే తప్పొచ్చిందా?’ అంటారు. ఉన్నాయి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. రిజర్వేషన్లలో తమకు రావాల్సిన వాటా రావడం లేదని మాదిగలు కులం పేరు పెట్టుకునే రోడ్డెక్కారు. ముప్పై ఏళ్లు కొట్లాడితే 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాష్ట్రాలు ఎస్సీల వర్గీకరణ చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. దక్కనిది అడగడానికి జనం కూడటం వేరు. దక్కినదాన్ని తమవాళ్ల మధ్యే తిప్పుకోవడానికి కూడటం వేరు. ఏ కులం పేరు చెబితే ఇల్లు అద్దెకు దొరకదో, ఏ కులం పేరు చెబితే బ్యాంకు మేనేజరు లేచి కుర్చీ చూపిస్తాడో తెలిసిన మనుషులే ఈ రెంటినీ ఒక గాటన కట్టేయడం నాకు బాధ కలిగిస్తుంది.

కులం ఎక్కడుందండీ ఇప్పుడు, రాజకీయ నాయకులే పెంచుతున్నారు అనేవాళ్లూ ఉన్నారు. 2011-12లో దేశమంతటా జరిగిన మానవాభివృద్ధి సర్వేలో ఇంటింటికీ వెళ్లి మీ ఇంట్లో అంటరానితనం పాటిస్తారా అని అడిగారు. లేదన్నవాళ్లను మరో ప్రశ్న అడిగారు: దళితులు మీ వంటింట్లోకి వచ్చినా, మీ గిన్నెలు వాడినా ఫర్వాలేదా? ఈ రెండు జవాబులూ కలిపితే నూటికి 27 ఇళ్లలో ఏదో ఒక రూపంలో అంటరానితనం ఉందని తేలింది. అడిగినప్పుడు ఒప్పుకున్నవాళ్ల లెక్క ఇది. ఒప్పుకోనివాళ్లు ఎంతమందో ఎవరి వంటిల్లు వాళ్లకు తెలుసు. అదే సర్వేలో కులాంతర వివాహాలు నూటికి ఐదు దగ్గరే ఆగిపోయాయి.

మనం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో తలుచుకుంటే మరీ బాధ. 1917లో భాగ్యరెడ్డివర్మ బెజవాడలో సభ పెట్టి, పంచములన్న పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులమని ప్రకటించారు. సభకు వచ్చినవాళ్లు కొండెక్కుతారేమోనని దుర్గ గుడి తలుపులు మూసేశారు. 1940లలో నాస్తికవాది గోరా అన్ని కులాలవాళ్లనూ పిలిచి సహపంక్తి భోజనాలు పెట్టారు. ఆయన అక్కడితో ఆగలేదు. పెద్ద కూతురు మనోరమకు దళిత యువకుడితో 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. కొడుకు లవణం 1960లో మహాకవి జాషువా కూతురు హేమలతను పెళ్లాడారు. ఊళ్లో తన కులం తెలియగానే ముఖం తిప్పుకున్న పండితుల మధ్య బతికిన జాషువా, ఆ పెళ్లినాడు ఏమనుకుని ఉంటారో నేను చాలాసార్లు ఆలోచించాను. అంబేడ్కర్ 1936లోనే కులనిర్మూలన గురించి రాస్తూ, కలిసి తిన్నంత మాత్రాన కులం పోదు, పెళ్లిళ్లు కలవాలి అన్నారు. ఆయన చాలదన్న తొలిమెట్టు నుంచి కూడా మనం కిందికి దిగిపోయాం. అంతా కలిసి తినడమే మానేశాం. ఆ మానేయడానికి కార్తీక పుణ్యమని పేరు పెట్టుకున్నాం.

ఒక్క పూట భోజనానికి ఇంత రాద్ధాంతం అవసరమా అని ఎవరైనా అంటే, కారంచేడు గుర్తు చేస్తాను. 1985 జులైలో అక్కడ గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. బర్రెలకు కుడితి పెట్టిన బకెట్టు తాగేనీళ్ల దగ్గర కడగొద్దని అడగడమే మాదిగలు చేసిన నేరం. మర్నాడు ఆరుగుర్ని చంపారు. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికారు. అక్కడ మొదలు సినిమాహాల్లో కాలు తగిలిందన్న తగాదా. నీళ్ల దగ్గర, కుర్చీ దగ్గర, అన్నం దగ్గర మనసులో పెరిగిందే కత్తిగా బయటికొచ్చింది. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టి, 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో, గర్భవతి అయిన భార్యను ఆస్పత్రికి తీసుకెళ్లి బయటికొస్తున్న దళిత యువకుణ్ణి ఆమె కన్నతండ్రి పురమాయించిన కిరాయి హంతకుడు నరికేశాడు. కోర్టు శిక్షలు వేయడానికి 2025 మార్చి దాకా పట్టింది. ఆ తండ్రికి కూతురంటే ప్రాణమని ఊళ్లోవాళ్లు చెప్పారు. ‘మనవాళ్లు’ అన్న మాట ఎంతదూరం తీసుకుపోతుందో ఇంతకంటే వేరే రుజువు కావాలా?

అందుకే ఆ యూనిఫాం ఫొటో నన్ను వదలడం లేదు. 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద కేసు దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారే చేయాలి. పై అధికారికి ఊరి ఒత్తిళ్లు తక్కువగా ఉంటాయనే నమ్మకంతో పెట్టిన నిబంధన అది. ఆ అధికారులే కులం తోటలో సన్మానం చేయించుకుని శాలువా కప్పుకుంటే ఆ నమ్మకం ఏం కావాలి? కలెక్టర్లు వెళ్తున్నారు, జడ్జీలు వెళ్తున్నారు, మంత్రులైతే ఒక్క ఆదివారమే రెండు మూడు తోటలు తిరుగుతున్నారు. ప్రభుత్వాలూ అదే దారి పట్టాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ 139 బీసీ కులాలకు 56 కార్పొరేషన్లు పెట్టింది. మగ్గం మూలపడ్డవాడికి, కుమ్మరి సారె ఆగిపోయినవాడికి ఆసరా అంటే ఒప్పుకుంటాను. తర్వాత భూములున్న కులాలకూ కార్పొరేషన్లు వచ్చాయి. తెలంగాణలో 2021లో కమ్మ, వెలమ సంఘాలకు హైదరాబాద్ ఖానామెట్‌లో ఐదేసి ఎకరాలు రాసిచ్చారు. హైకోర్టు 2023లో స్టే ఇస్తే గానీ ఆగలేదు. అదే హైదరాబాద్‌లో కిరాయి ఇంటి కోసం కాళ్లరిగేలా తిరిగే దళిత ఉద్యోగికి గజం చోటు చూపించిన ప్రభుత్వం లేదు.

ఆ ఇల్లు వెతుక్కునే బాధ చూసినవాళ్లకు తప్ప తెలియదు. నాకు తెలిసిన ఒక టీచరమ్మ బదిలీ మీద మా పక్క పట్నానికి వచ్చింది. టులెట్ బోర్డు చూసి వెళ్తే ఇంటావిడ మంచినీళ్లిచ్చింది, గదులన్నీ చూపించింది, కరెంటు మీటరు వేరేనని చెప్పింది. అద్దె కుదిరింది. మెట్లు దిగుతుంటే వెనకనుంచి ‘ఇంతకీ మీరేవిట్లమ్మా?’ అని అడిగింది. టీచరమ్మ ఉన్నమాట చెప్పింది. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. వాళ్ల తమ్ముడు ఆ ఇంట్లోకి దిగుతున్నాడట. ఆ బోర్డు ఇప్పటికీ గేటుకు వేలాడుతూనే ఉంది. కొన్నిచోట్ల అడగను కూడా అడగరు. శాకాహారులకు మాత్రమే అని రాసేస్తారు. కొన్నిచోట్ల ఇంటిపేరు అడిగి ఆగిపోతారు, అది చాలు వాళ్లకు. అంటరానితనం పేరుతో ఒక మనిషిని ఇంట్లో ఉండనివ్వకపోవడం 1955 నాటి చట్టం ప్రకారమే నేరం. కానీ తమ్ముడు వస్తున్నాడన్న మాట మీద కేసు ఎలా పెడతారు? ఆ టీచరమ్మ చివరికి సొంత కులంవాళ్లుండే పేటలోనే, బడికి బాగా దూరంగా, ఇల్లు తీసుకుంది. రోజూ రెండు బస్సులు మారి వస్తోంది. ఆ ఇంటావిడ మనవరాలు ఆమె క్లాసులోనే లెక్కలు నేర్చుకుంటోంది.

ఇది చదివేవాళ్లలో ఇళ్లున్నవాళ్లు ఉంటారు. మీ గేటుకు టులెట్ బోర్డు ఉంటే, వచ్చినవాళ్లను అద్దె నెలనెలా కడతారా అని అడగండి. అడ్వాన్సు అడగండి, ఎంతమంది ఉంటారో అడగండి, పాత ఇంటివాళ్ల ఫోన్ నంబరు అడగండి. మెట్లు దిగేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగకండి.